చావుకు చీటీలు వేసిన ఏడాది

మా ఇంటి ముందుగదిలో నలుగురు మగవాళ్లు కూర్చుని, మనిషి దేనికోసం చావొచ్చు అని వాదించుకుంటూ ఉంటే, వంటింటి తలుపు వెనక నిలబడి వినడం నాకు పద్దెనిమిదో ఏట అలవాటైంది. వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు వచ్చేవాళ్లు. నేను టీ కాచి గ్లాసులు గడప మీద పెట్టేదాన్ని. అన్న వచ్చి తీసుకునేవాడు. వాళ్ల ముందుకు రావద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. నాకే నలుగురిలో గొంతు పెగిలేది కాదు. వాళ్లు వెళ్లిపోయాక డైరీ తీసి ఒక్కొక్కరికీ జవాబు రాసేదాన్ని. కాగితం మీద నేను ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు.

నాన్న పులికాట్ సరస్సు ఒడ్డున చేపల పల్లెలో బడిపంతులు. మా సొంత ఊరు నాయుడుపేట అవతల, వరి పండే పల్లె. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి అప్పటికి పదకొండేళ్లు. ఊరందరికీ ఆయన అయివోరు, నేను అయివోరి పాప. అన్న నెల్లూరులో బి.ఏ. మధ్యలో వదిలేసి, ఒక ట్రంకు పెట్టె నిండా పుస్తకాలతో తిరిగొచ్చాడు. అందులో చాలావరకు అరాజకవాదుల గురించినవి. ఆ మాట వినగానే నాన్న ముఖం ముడుచుకుంటే, అల్లరిమూకలు కాదు నాన్నా, పైన ఏలేవాడు లేకుండా మనుషులు ఒకరికొకరు తోడై బతకొచ్చని నమ్మినవాళ్లు అని అన్న ఓపికగా చెప్పాడు. అన్న బయటికి వెళ్లినప్పుడు నేను ఆ పెట్టె తెరిచేదాన్ని. ఎక్కడో దూరదేశాల్లో, తమది కాని సమ్మె కోసం జైలుకు వెళ్లినవాళ్లు, నవ్వుతూ ఉరికంబం ఎక్కినవాళ్లు. చదివి ఏడ్చేదాన్ని. ఏడుపు తగ్గాక, వీళ్లకు చెల్లెళ్లు లేరా అనిపించేది. ఆ పుస్తకాల్లో చెల్లెళ్ల గురించి ఎక్కడా ఉండేది కాదు.

ఆదివారం వచ్చేవాళ్లలో పెద్దవాడు మా ఊరి దర్జీ. నలభై ఏళ్లుంటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. రెండోవాడు పడవ నడిపే కుర్రవాడు, మా ఇంటికి రోజూ రొయ్యలు తెచ్చే అవ్వకు ఒక్కడే కొడుకు. మూడోవాడు ఉప్పు కొటార్ల దగ్గర గుమాస్తా, మనిషి మంచివాడు, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. నాలుగోవాడు అన్న.

“ఒక్కడు చచ్చేదానికి సిద్ధపడితే వెయ్యిమంది లేస్తారన్నా. మన రాష్ట్రం ఎట్లా వచ్చింది?” అనేవాడు అన్న దర్జీతో.

“ఆయన పటం నా అంగట్లోనే ఉండాది అబ్బయ్యా. రోజూ దణ్ణం పెట్టుకుంటా. పెట్టుకోని మళ్లా మిషను మీద కూసుంటా. లేచిన వెయ్యిమందీ అంతే.”

“అంటే ఆ ప్రాణం వృథా అంటావా?”

“అట్టనే నోరు నాకు లేదు. ఇంకో ప్రాణం కావాలని మాత్రం అననంటున్నా.”

అవ్వ కొడుకు మధ్యలో దూరేవాడు. “చచ్చేది బాగానే ఉండాది. చచ్చినాక రొయ్యలొచ్చినాయో రాలేదో నాకెవురు చెప్తారు?”

గుమాస్తా నవ్వబోయి దగ్గులో పడేవాడు. అన్న నవ్వేవాడు కాదు.

రొయ్యల మాట ఊరికే రాలేదు. మా ఊరికి తూర్పున సరస్సు సముద్రంలో కలిసే చోటు ఉంది. మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేస్తే సముద్రపు నీళ్లు లోపలికి రావు, వాటితో వచ్చే రొయ్యపిల్లా రాదు. రెండేళ్లుగా మొగ పూడిపోయి ఉంది. యంత్రం తెచ్చి తవ్విస్తామని, అప్పటిదాకా ఎవరూ ఇసుక కదిలించకూడదని సర్కారు ఆఫీసు వాళ్లు ఒక బోర్డు పాతి వెళ్లారు. యంత్రం రాలేదు. కొన్ని ఇళ్లవాళ్లు మద్రాసు రేవులో మూటలు మోయడానికి వెళ్లిపోయారు. నాన్న బడిలో పిల్లలు సగానికి తగ్గారు. ఆ ఏడు వానలు మొదలవగానే, నెల్లూరులో ఆఫీసు గేటు ముందు ఒకరు ఆమరణ నిరాహారదీక్షకు కూర్చోవాలని అన్న పట్టుబట్టాడు. దర్జీ మూడు ఆదివారాలు అడ్డం తిరిగాడు. నాలుగో ఆదివారం, మద్రాసు వెళ్లిన ఒక ఇంటి పసిబిడ్డ అక్కడ పోయిందని కబురు వచ్చింది. ఆ రోజు దర్జీ అడ్డు చెప్పలేదు.

ఎవరు కూర్చోవాలన్నది చీటీలతో తేల్చుకుందామని అన్నే అన్నాడు. “మీ ఊరి పద్ధతే గదా” అన్నాడు.

ఆ పద్ధతి గురించి చెప్పాలి. సరస్సులో రొయ్యలు బాగా పడే తావులు కొన్నే. బలమున్నవాడు అవి పట్టుకుని కూర్చోకుండా, ఏడాదికోసారి అమ్మవారి ముందు చీటీలు వేసి ఏ రోజు ఏ ఇంటివాళ్లు ఏ తావులో వల వెయ్యాలో తేలుస్తారు. దాన్ని పాడు అనేవాళ్లు. మొగుడు పోయిన ఆడమనిషి ఇంటికి కూడా వంతు ఉంటుంది, ఆమె తరఫున ఇంకొకరు వల వేస్తారు. దానికి రాతకోతలు లేవు, పైన అధికారి లేడు. చీటీ మాట దాటినవాడు నేను చూసినంతలో లేడు. దూరదేశాల పుస్తకాల్లో అన్న వెతుక్కునేది మా పెరటి వెనకే ఉందని డైరీలో ఒకసారి రాసుకున్నాను. అన్నతో అనలేదు.

ఆ ఆదివారం అన్న లోపలికి వచ్చి కాగితం అడిగితే ఒకటి చింపి ఇచ్చాను. అన్న పేర్లు రాసి నాలుగు చీటీలు ముంతలో వేశాడు, ఒకటి దర్జీ చేత తీయించారు. అన్న పేరు వచ్చింది. తలుపు వెనక నుంచి ఆ పేరు విన్నాను. దర్జీ లేచి చెప్పులు వెతుక్కుంటూ, “ఎనిమిది రోజులుండాది. ఈలోగా యంత్రమొచ్చినా రావచ్చు” అన్నాడు. వస్తుందన్న నమ్మకం అతని గొంతులోనే లేదు.

మర్నాడు తెల్లవారి పొయ్యిలో బూడిద తీస్తుంటే మిగిలిన మూడు చీటీలు దొరికాయి. అన్న వాటిని పొయ్యిలో వేశాడు గాని అప్పటికే నిప్పు చల్లారిపోయింది. అంచులు కూడా కాలలేదు. మూడింటి మీదా అన్న పేరే.

పెరట్లో ముఖం కడుక్కుంటున్న అన్నకు అరచేయి తెరిచి చూపించాను. అతను ముందు ఇంటివైపు చూశాడు, అమ్మ వింటోందేమోనని.

“ఎవురికీ చెప్పబాక” అన్నాడు.

“దొంగ చీటీలు వేశావా అన్నా?”

“దర్జీకి ఇద్దురు ఆడబిడ్డలు. గుమాస్తా ఆ దగ్గుతో నాలుగు రోజులు కూడా తట్టుకోలేడు. అవ్వకు ఉండేది ఒక్క కొడుకు. ఇంక మిగిలిందెవురు? నువ్వే చెప్పు.”

చెప్పాల్సిన మాటలు నాకు తెలుసు. నువ్వు పోతే మిగిలేది అమ్మా నాన్నా నేనూ. వాళ్ల ఇళ్లను లెక్కలోకి తీసుకున్నవాడివి మన ఇంటిని మరిచిపోయావా. పైకి వచ్చింది ఒక్క మాటే. “అమ్మ…” అన్నాను, అంతే.

“నువ్వు చెప్తే మళ్లా చీటీలేస్తారు. అప్పుడొచ్చే పేరు దర్జీదైతే? ఆ బిడ్డల మొహం నువ్వు చూడగలవా?” అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అతను చెప్పింది నిజమే. చెబితే అన్న బతుకుతాడు, ఇంకొకరు పోవచ్చు. చెప్పకపోతే అన్న పోతాడు. రెండు రోజులు డైరీలో అదే రాసి అదే కొట్టేశాను. అన్న అలవాటు కోసం అప్పుడే తిండి తగ్గించాడు. అమ్మకు సంగతి తెలియదు. అజీర్తి అనుకుని పూటపూటకూ వాము నీళ్లు కాచి ఇచ్చేది. అన్న బుద్ధిగా తాగేవాడు. అది చూస్తే నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చేవి.

బుధవారం పొద్దున అవ్వ వచ్చింది. బుట్టలో రొయ్యలు గుప్పెడు కూడా లేవు. అమ్మ కొట్టానికి వెళ్లడం చూసి నా పక్కన కూర్చుంది.

“మా వోడి పేరు గూడా ఏసినారంట గదా పాపా?”

తలూపాను.

“నాతో చెప్పలా. పడవలో అనుకుంటుంటే ఇన్నా.” కొంతసేపు రొయ్యల తలలు గిల్లుతూ కూర్చుంది. “రాలా. మంచిదే. ఒస్తే మాత్రం పంపించేదాన్నే. కడుపు కోసుకోనైనా పంపేదాన్ని. చీటీ మాట చీటీదే.”

ఆ మాట మామూలుగా అంది, రేపు వాన రావచ్చు అన్నట్టు. ఆమె ఒక్క కొడుకును పంపడానికి సిద్ధపడింది, చీటీలను నమ్మి. ఆ చీటీలు నా దగ్గర పుస్తకంలో మడతపెట్టి ఉన్నాయి. నేను లేచి వెళ్లి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇక నోరు తెరవక తప్పలేదు.

“మూడింటి మీదా మా అన్న పేరే అవ్వా. దర్జీ తీసిన దాని మీదా అదే. మీ వాడి పేరు ముంతలో లేనే లేదు.”

ఆమె ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ముఖం ఎర్రబడింది.

“నా కొడుకు వంతు ఎత్తుకోని పోయేదానికి నీ అన్న ఎవురు?”

“చావు వంతు అవ్వా అది.”

“ఏ వంతైతే ఏంది? లెయ్. నడువు.”

నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. నేను తలకు నూనె కూడా రాసుకోలేదు, చేతులకు రొయ్యల వాసన. వలలు ఆరేసే దిబ్బ మీద ఊరి పెద్ద, ఇంకో ఇరవై మంది వలలు బాగుచేసుకుంటున్నారు. వేట లేని రోజులు కదా, పొద్దంతా అక్కడే ఉండేవాళ్లు. అవ్వ నన్ను వాళ్ల మధ్య నిలబెట్టి, “చదువు” అంది. దర్జీని, నా అన్నను పిలుచుకు రమ్మని కొడుకును పంపింది.

వాళ్లొచ్చారు. అన్న నన్ను చూసి, నా చేతిలోవి చూసి, కళ్లు దించుకున్నాడు. నేను చదివాను. మొదటిసారి నాకే వినపడలేదు. “గట్టిగా పాపా” అన్నాడు పెద్ద. మళ్లీ చదివాను. అన్న పేరు. రెండో చీటీ, అన్న పేరు. మూడోది, అన్న పేరు.

“చీటీల్లో మోసం చేసినాడయ్యా అయివోరి కొడుకు” అన్నాడు పెద్ద నెమ్మదిగా. నమ్మలేనట్టు అన్నాడు.

“నేను నాకేం లాభం చేసుకోలేదు పెద్దాయనా” అన్నాడు అన్న. “చచ్చే పని నా మీద వేసుకున్నా. మీ కోసం.”

“ఎక్కువ రావాలని చేస్తే మోసం, తక్కువ రావాలని చేస్తే ధర్మమా? పాడులో ఒకడు రెండు వంతులు ఎత్తుకోకూడదు. అంతే మాకు తెలిసింది.”

అవ్వ అందుకుంది. “మా కోసం ఒకడు చచ్చినాడని రేపు మా మనవళ్లు ఆ అప్పు నెత్తిన మోసుకోని తిరగాల్నా? నువ్వు మమ్మల్ని అడిగినావా? ఆకలితో చచ్చేది మాకు కొత్తనా, నువ్వు చేసి చూపించేదానికి!”

ఎవరో కిసుక్కుమన్నారు. అన్న ముఖం కందిపోయింది. నాకు అతని మీద జాలి వేసింది, అదే సమయంలో జీవితంలో మొదటిసారి అతని మీద గెలిచినట్టూ అనిపించింది. ఆ రెండోదానికి తర్వాత సిగ్గుపడ్డాను.

దర్జీ మూడు చీటీలూ నా దగ్గర తీసుకుని చూసి అన్న వైపు తిరిగాడు. “నా బిడ్డల కోసం చేసినావు. తెలస్తానే ఉండాది. కానీ అబ్బయ్యా, పైన ఏలేవాడు వద్దంటావు. మళ్లా వాడి గేటు ముందరే పడుకోని చస్తానంటావు. వాడికి జాలి పుడితేనే మనకు రొయ్యలా? ఏ పుస్తకంలో రాసుండాది అది?”

“ఇంకేం చెయ్యమంటావు?” అన్నాడు అన్న. ఆ గొంతులో మొదటిసారి వాదన లేదు. నిజంగానే అడిగాడు.

చీటీల్లో మోసం చేసినవాడికి ఊళ్లో శిక్ష ఒకటే. ఏడాదిపాటు ఏ చీటీలోనూ అతని పేరు వెయ్యరు. పెద్ద ఆ మాట పైకి చెప్పాడు. చెప్పాక దాని అర్థం అందరికీ ఒకేసారి తట్టింది. మళ్లీ చీటీలు వేసినా అన్న పేరు ఉండదు. అవ్వ నా చెయ్యి వదిలేసింది. నేను ఇసుకలో కూర్చుండిపోయాను.

కానీ ఇంకా ముగ్గురు మిగిలారు. గుమాస్తా ఆ రోజు కొటార్ల దగ్గరున్నాడు. అవ్వ కొడుకు, దర్జీ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్ద వల కన్నులు సరిచేస్తూనే, “ముగ్గురే ఎందుకు?” అన్నాడు. “మొగ ఊరందరిది. చీటీలు అన్ని ఇళ్లకూ ఎయ్యండి. చచ్చేదానికి కాదు. తవ్వేదానికి.”

“బోర్డు ఉండాదే?” అన్నారెవరో.

“ఉండనీ. దానికి అడ్డం రాకుండా తవ్వుదాం.”

వానలకు సరస్సు నిండి సముద్రం కంటే ఎత్తుగా ఉందని, చిన్న కాలవ తీసి సముద్రం వెనక్కి తగ్గే వేళకు వదిలితే మిగతా పని నీళ్లే చేసుకుంటాయని ముసలివాళ్లకు తెలుసు. రెండేళ్లు ఆగింది కేసుల భయంతో. ముందు నిలబడినవాణ్ని పట్టుకుపోతారు, అతని ఇల్లు పస్తుంటుంది. అందుకని ముందు నిలబడేవాడే లేకుండా చేశారు. రోజుకు పది ఇళ్లు, ఇంటికో మనిషి, చీటీలో వచ్చిన వరసన. నాన్న పేరు కూడా వేయమని అడిగాడు. ఆయనకు మూడో రోజు వచ్చింది. బడిపంతులు తట్ట మోశాడని చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ మూడో రోజే జీపు వచ్చింది. నేను అంబలి కుండతో పడవ దిగాను అప్పుడే. చేతిలో కర్ర ఉన్న ఉద్యోగి ఒకాయన గట్టు మీద నిలబడి, “మీ లీడరెవరు?” అని అడిగాడు.

“ఈ పొద్దు వంతు మాది సార్” అన్నాడు ఒకతను పార ఆపకుండా.

“నిన్న ఎవరు?”

“నిన్నటోళ్లది నిన్నతో అయిపోయింది సార్.”

“రేపు?”

“చీటీ చూడాల.”

ఆయన కానిస్టేబుల్‌ను పేర్లు రాసుకోమన్నాడు. పది పేర్లు రాశాక పదకొండో మనిషి వచ్చి, నాదీ రాయండి సార్, నాది ఎల్లుండి అన్నాడు. ఆ వెనక ఇంకో ముసలామె. కానిస్టేబుల్ పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు. కేసు పెడతామని చెప్పి వెళ్లారు. పెట్టారో లేదో మాకు ఇప్పటికీ తెలియదు.

అన్నకు తవ్వే వంతు కూడా లేదు. శిక్ష శిక్షే. అంబలి కాచి పొయ్యడానికి చీటీ అక్కర్లేదని అవ్వ అతన్ని ఆ పనికి పెట్టింది. మొదటిరోజు అందరి ముందూ అతని చేతిలో ముంత పెట్టి, “ముందు నువ్వు తాగు. నీ దీక్ష నా కళ్ల ముందర చాలించు” అంది. అన్న తల వంచుకుని తాగాడు. కోపంతో తాగాడనుకుంటాను, కానీ మొత్తం తాగాడు. నేను అటు తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డాను.

ఆరో రోజు మధ్యాహ్నం నీళ్లు కలిశాయి. ఏమంత గొప్పగా లేదు. మూరెడు వెడల్పు కాలవ, పిల్లలు అటూ ఇటూ దూకేవాళ్లు. బురదనీళ్లు కొంచెం తటపటాయించి, తర్వాత తోవ తెలిసినట్టు సముద్రంవైపు సాగాయి. సాయంత్రానికి గట్టు అంచులు విరిగి పడటం మొదలైంది. అప్పుడు అరిచారు అందరూ.

ఇంటికి తిరిగొచ్చే పడవలో అన్న నా పక్కన కూర్చున్నాడు. అవ్వ కొడుకు వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. ఎనిమిది రోజుల తర్వాత అన్న మళ్లీ నాతో మాట్లాడింది అప్పుడే.

“ఒకటడుగుతా. ఆ రోజు వాళ్లు మళ్లా చీటీలేసి దర్జీ పేరొచ్చుంటే ఏం చేసుండేదానివి?”

“తెలీదు” అన్నాను. నిజంగానే తెలియదు. ఇన్నేళ్లు గడిచినా తెలియదు.

“తెలీకుండానే చెప్పినావా?”

“నువ్వు వాళ్లను అడక్కుండానే రాశావు గదా.”

అన్న నీళ్లలో చెయ్యి పెట్టాడు. “చచ్చేదానికి సిద్ధపడనివాళ్లతో లోకం ఎప్పుడూ మారలేదు. నువ్వు ఆ పుస్తకాలన్నీ చదివినావు, నాకు తెలుసు.”

నేను ఉలిక్కిపడ్డాను. తర్వాత, వెనక పరాయి మనిషి వింటున్నాడని తెలిసీ, గొంతు తగ్గించకుండా జవాబు చెప్పాను. “సిద్ధపడితే తప్పని నేననలేదు. అవ్వ సిద్ధపడింది. ఆమెకు తొందర లేదు, అంతే. నీకు తొందరెక్కువ.”

“తొందర కాదు అది.”

“మరేంటి?”

అతను చెప్పడం మొదలుపెట్టాడు. నేను మధ్యలో అడ్డం వచ్చాను. అతను గొంతు పెంచాడు, నేనూ పెంచాను. గెడ ఆగింది.

“అన్నా, అక్కా” అన్నాడు అవ్వ కొడుకు, “మీ ఇద్దురిదీ తేలేలోగా మొగ మళ్లా పూడద్ది. కొంచెం పక్కకు జరిగి వాదించుకోండి, పడవ వొంగతా ఉండాది.”

అన్న నవ్వాడు. ఆ నెలలో అతను నవ్వడం నేను చూడలేదు. నవ్వుతూనే నాకు చోటిచ్చి అవతలి చెక్క మీదికి మారాడు. అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.